అత్త తల మీద ఒట్టు

"ఇది సావిల్లేనా, మనం దారి తప్పి ఇంకేడికన్నా వచ్చినామా?"

కాటమరాజు ఆ మాట ఎవరి వంకా చూడకుండా అన్నాడు. చనిపోయిన చెంచమ్మకు మరిది వరస, ఊళ్ళో నలుగురికీ పెద్ద. ఆయన గాల్లోకి అన్న మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగులుతుందని ఊరందరికీ తెలుసు.

తగిలింది. వసారా స్తంభానికి ఆనుకుని కూర్చున్న నాగలక్ష్మి కొంగును ఇంకాస్త నోట్లోకి కుక్కుకుంది.

షామియానా కింద ఐసు పెట్టె. అద్దం వెనక చెంచమ్మ, కొత్త చీర కప్పుకుని, బతికుండగా ఏనాడూ లేనంత నెమ్మదిగా పడుకుని ఉంది. చుట్టూ ఊళ్ళో ఆడవాళ్ళంతా ఉన్నారు. కొంగులు సర్దుకున్నారు, గొంతులు సవరించుకున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చినా ఆ వాకిట్లో ఏడుపు మొదలు కాలేదు.

కంభం చుట్టుపక్కల ఆ ఊళ్ళలో శోకం ఎవరు పడితే వాళ్ళు ఎత్తుకోరు. ఇంటి ఆడమనిషి గొంతు ముందు లేవాలి. కూతురుంటే కూతురు, లేకపోతే కోడలు. ఆమె రాగం తీసి చనిపోయినవాళ్ళ మంచీ చెడ్డా చెప్పుకుంటుంటే మిగిలినవాళ్ళు అందుకుంటారు. చెంచమ్మకు కూతుళ్ళు లేరు. ఉన్నది ఇద్దరు కోడళ్ళు.

అందులో పెద్ద కోడలు నాగలక్ష్మి అంటే కంభం నుంచి కురిచేడు దాకా తెలియనివాళ్ళు లేరు. ఎక్కడ చావైనా "నాగలక్ష్మి వచ్చిందా" అని అడిగేవాళ్ళు. ఆమె గొంతు లేస్తే తగాదాలతో విడిపోయిన అన్నదమ్ములు కూడా ఒకరి మెడ ఒకరు పట్టుకునేవాళ్ళు. అలాంటి మనిషి సొంత అత్త శవం ముందు నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళకు చావు కన్నా ఇదే ఎక్కువ దిగ్భ్రమగా ఉంది.

"లే," అన్నాడు మాలకొండయ్య. నాగలక్ష్మి మొగుడు, ఇంటికి పెద్దకొడుకు. "ఒకసారి పెరట్లోకి రా."

ఆమె లేచి వెళ్ళింది. ఆడవాళ్ళందరి తలలూ ఆమె వెనకే తిరిగాయి.

పెరట్లో నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి మాలకొండయ్య గొంతు తగ్గించాడు. తగ్గించినందువల్ల అది ఇంకా భయంగా ఉంది.

"ఏందే నీ ఉద్దేశం?"

ఆమె డ్రమ్ము మూత సర్దింది.

"పొద్దున్నించి చూస్తన్నా. ఊరూరా తిరిగి ఏడిచినావు. ముక్కూ మొహం తెలియనోళ్ళకు ఏడిచినావు. మా అమ్మకు నీకాడ ఏడుపు లేదా?"

"ఒట్టుంది గదా."

"ఏం ఒట్టు?"

"అత్త తల మీద చెయ్యి పెట్టి ఏసినా గదా, ఇంక నోరెత్తనని. నువ్వూ ఆడనే ఉన్నావు."

మాలకొండయ్య ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "తలే పోయింది గదే. ఇంకా ఒట్టేంది?"

ఆ మాటకు నాగలక్ష్మి మొహం తిప్పుకుంది. డ్రమ్ము పట్టుకుని నిలబడింది. తల ఎందుకు పోయిందో ఆమెకు తెలుసు. పోయిన వారం భాగం చదివిన మీకూ తెలుసు. తెలియనిదల్లా ఆ ఇంట్లోవాళ్ళకే.

ఆ ఒట్టు సంగతి ఇది. పోయిన నెల నాగలక్ష్మి ఏడుస్తున్న వీడియో ఒకటి ఫోన్లలో తిరిగింది. కురిచేడులో ఒక చావింట్లో ఎవరో తీశారు. జుట్టు విరబోసుకుని, నేల మీద చేత్తో కొట్టుకుంటూ ఆమె రాగం తీస్తుంటే కింద నవ్వే బొమ్మలు పెట్టి, 'ఏడుపుల కంపెనీ, ఆర్డర్లు తీసుకోబడును' అని రాశారు. మార్కాపురంలో చిన్న కోడలు శిల్ప టీచరుగా పనిచేసే బడిలో దాన్ని పిల్లల తల్లులు కూడా చూశారు. "మీ తోడికోడలే కదా మేడమ్" అని అడిగారు.

చిన్నకొడుకు కిరణ్ కారేసుకుని వచ్చి తల్లి మంచం దగ్గర కూర్చున్నాడు. చెంచమ్మ అప్పటికే గుండె వాచి మంచం పట్టి ఉంది. ఒంగోలులో చూసిన డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమని చెప్పేశారు. మంచంలో ఉన్నా నోరు మాత్రం లేచే తిరుగుతోంది.

"ఆ శిల్పను చూడు," అంది పెద్ద కోడలితో. "పదిమంది పిల్లలకు అక్షరం చెప్తంది. నువ్వు పదిళ్ళు తిరిగి ఏడుస్తన్నావు. దాని కాలి గోటికన్నా సరిపోతావా నువ్వు? నా తల మీద చెయ్యి పెట్టు. ఇంక రాగం తియ్యనని ఒట్టెయ్యి."

నాగలక్ష్మి ఎదురు చెప్పకుండా వేసింది. నిజం చెప్పాలంటే ఆమెకు బలవంతం ఏమీ అనిపించలేదు. శిల్పలా ఉండాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. శిల్ప చీర కుచ్చెళ్ళు సాయంత్రానికి కూడా చెదరవు. శిల్ప ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళు 'మేడమ్' అంటారు. ఒట్టేసిన మర్నాడే నాగలక్ష్మి కంభంలో కుట్టు సెంటరులో చేరింది. ఆమె కుట్టిన మొదటి జాకెట్టుకు ఒక చెయ్యి మోచేతిదాకా వస్తే రెండోది భుజం దగ్గరే ఆగిపోయింది. దేవుడు తనకు ఒక్క పనికొచ్చే విద్య కూడా ఇవ్వలేదని ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత మొన్న సోమవారం మౌలా సాహెబ్ పోయాడు.

కంభంలో బోరు మోటార్లు బాగుచేసే ముసలాయన. చెంచమ్మను సొంత చెల్లెలిగా చూసినవాడు కాబట్టి నాగలక్ష్మికి పెదనాయన వరస. పెళ్ళైన కొత్తలో ఆమె తండ్రి చనిపోతే, ఆ శోకం విన్నవాడు ఆయనే. "ఈ గొంతు ఆ అల్లా ఇచ్చినాడమ్మా. దాచుకోబాక," అని తల మీద చెయ్యి పెట్టాడు. పుట్టింట్లోగానీ మెట్టినింట్లోగానీ నీలో ఇది బాగుందని ఆమెకు చెప్పిన మనిషి ఆయన ఒక్కడే.

అందుకే సోమవారం కుట్టు సెంటరుకని ఇంట్లో చెప్పి ఆయన ఇంటికి వెళ్ళింది. చూసి వచ్చేద్దామనుకుంది. నోరు ఆగలేదు.

మూడోనాడు తెల్లవారకముందే చెంచమ్మ ఊపిరి ఆగిపోయింది.

తల మీద ఒట్టు తప్పితే ఆ తల నిలవదు. నాగలక్ష్మి పుట్టి పెరిగిన చోట ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"నేను చెయ్యలేను," అంది మొగుడితో. "నన్నేమన్నా అనుకో. నా నోటి నుంచి ఇంకొక శోకం రాదు."

"అమ్మ నీకు చేసినదాంట్లో తప్పుంటే ఈ రోజు తీర్చుకుంటన్నావు. అంతే గదా?"

"అట్ల కాదు."

"మరెట్ల?"

చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు చూసి మాలకొండయ్య ఆగాడు. ఆమె మళ్ళీ మూసుకుంది. అతను ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళిన కాసేపటికి శిల్ప వచ్చింది. ఆ రోజు కూడా ఆమె కుచ్చెళ్ళు చెదరలేదు. ఆ సంగతి గమనించినందుకు నాగలక్ష్మికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"అక్కా, అందరూ నన్నే చూస్తన్నారు," అంది శిల్ప.

"ఎందుకు?"

"కళ్ళలో తడి లేదంట. చదువుకున్నోళ్ళకు గుండె ఉండదంట. నాకు వినపడేటట్లే అన్నారు."

"నువ్వు ఎత్తుకో మరి. నువ్వూ కోడలివే."

"ఎత్తుకున్నా అక్కా. నువ్వు ఇటు వచ్చినాక." శిల్ప గొంతు సన్నబడింది. "అత్తయ్యా అని పిలిచినా. హాజరు పిలిచినట్లు వచ్చింది. ఒకామె నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది."

వేరే రోజైతే నాగలక్ష్మి కూడా నవ్వేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నిలబడ్డారు. శిల్ప చెయ్యి చాచి నాగలక్ష్మి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఏడువక్కా. నీకు పుణ్యముంటది. నీకు ఒక మాట చెప్పాల. ముందు ఈ పని కానీ, తర్వాత చెప్తా."

"ఏం మాట?"

శిల్ప పెదవులు కదిలాయి. "తర్వాత," అని వెళ్ళిపోయింది.

నాగలక్ష్మి మళ్ళీ వసారాలోకి వచ్చి అదే స్తంభానికి ఆనుకుంది. ఈసారి ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు.

"పొద్దు వాలుతంది," అన్నాడు కాటమరాజు. "ఏడుపు లేకుండా ఎత్తితే ఊరికి అరిష్టం. మా వదినె ఏం పాపం చేసిందని? మీకు చేతకాకపోతే ఆ మైకులో ఏదన్నా పెట్టండి. పాటో, తత్వమో. ఈ కొంపలో ఏదో ఒక సప్పుడు కానీయండి."

మైకు సెట్టు దగ్గర అనీస్ నిలబడి ఉన్నాడు. మౌలా సాహెబ్ కొడుకు. కంభంలో షామియానాలు, మైకు సెట్లు, ఐసు పెట్టెలు అద్దెకిచ్చే దుకాణం అతనిది. తండ్రి పోయిన మూడోనాడే పనిలోకి రావడం ఏమిటని నలుగురూ అంటే, "చెంచమ్మత్తకు నేను కాకపోతే ఎవరొస్తారు" అని పొద్దున్నే వచ్చి పందిరి వేశాడు.

"నిజంగానే పెట్టమంటారా పెద్దాయనా?" అని అడిగాడు.

"పెట్టమనే గదా చెప్తన్నా."

అనీస్ నాగలక్ష్మి వంక చూశాడు. ఆమె చూడలేదు. అతను జేబులోంచి ఫోను తీసి, వైరు తగిలించి, చాలాసేపు దాని మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. తర్వాత నొక్కాడు.

పెద్ద స్పీకర్లలో ముందు గాలి హోరు. వీధిలో ఆటో పోయిన చప్పుడు. ఆ తర్వాత ఒక ఆడగొంతు లేచింది.

"ఓ నాయనా... నా మౌలా పెదనాయనా... ఊళ్ళో మోటార్లన్నిటికీ ఊపిరి పోసినోడివి, నీ ఊపిరి ఆగిననాడు బాగుచేసే మేస్త్రి యాడా దొరకలేదా నాయనా..."

అది నాగలక్ష్మి గొంతు. ఐసు పెట్టెలో అత్త పడుకుని ఉంది, స్తంభం దగ్గర కోడలు నోరు మూసుకుని కూర్చుని ఉంది, ఆ కోడలి గొంతు పందిరంతా నిండి ఇంకెవరినో నాయనా అని పిలుస్తోంది. ఒక ముసలామె భయపడి తన చెవులు మూసుకుంది. పెట్టె దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి వెనక్కి జరిగారు.

"ఎండిన బోరుకాడ కూసోని, ఉన్నాయమ్మా నీళ్ళు, ఓపిక పట్టు అంటివి... నాకూ అదే చెప్తివి నాయనా... ఇప్పుడు ఎవురు చెప్తారు..."

"ఆపు," అన్నాడు కిరణ్. "అనీసూ, ఆపు దాన్ని."

అనీస్ ఆపాడు.

"ఇది ఎప్పటిది?" అని అడిగాడు కిరణ్.

అనీస్ చెప్పక్కర్లేదు. మౌలా సాహెబ్ ఎప్పుడు పోయాడో అక్కడ ప్రతివాళ్ళకూ తెలుసు. ఒట్టు ఎప్పుడు వేసిందో ఇంట్లోవాళ్ళకు తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టుకోవడానికి కిరణ్‌కు ఎంతోసేపు పట్టలేదు. మార్కాపురంలో ఎరువుల దుకాణం నడుపుతూ, దిష్టి, శకునం అంటే నవ్వే మనిషి. అతని మొహం తెల్లబడిపోయింది.

"వదినా," అన్నాడు. "అమ్మ తల మీద చెయ్యి పెట్టినావు. నేను చూసినా. నా కళ్ళ ముందర పెట్టినావు."

నాగలక్ష్మి లేచి నిలబడింది.

"సోమవారం పోయి అక్కడ ఏడిచినావు. బుధవారానికి అమ్మ పోయింది."

"అవును," అంది నాగలక్ష్మి.

"నువ్వే చంపినావు గదా మా అమ్మను."

"కిరణూ," అని అరిచాడు మాలకొండయ్య. కానీ ఆ అరుపులో బలం లేదు. అతను కూడా భార్య వంకే చూస్తున్నాడు, పదిహేనేళ్ళు కాపురం చేసిన మనిషిని మొదటిసారి చూసినట్టు.

"నేనే చంపినా," అంది నాగలక్ష్మి. "అందుకే నోరు మూసుకున్నా. ఈ నోరు మంచిది కాదు. ఊళ్ళోవాళ్ళ సావులకు ఏడిచి ఏడిచి చివరికి మన ఇంటికి తెచ్చినా. మీరేం చేస్తారో చెయ్యండి."

ఆడవాళ్ళలో ఎవరో "అమ్మో" అన్నారు. కాటమరాజు కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

"ఎవరూ ఏమీ చేయబాకండి," అన్నాడు అనీస్. ఫోను పైకెత్తి చూపించాడు. "ఇది నేను నా అంతట పెట్టలేదు బావా. అత్తే పెట్టమన్నది."

"ఏ అత్త?"

అనీస్ ఐసు పెట్టె వైపు చూపించాడు.

మాలకొండయ్య అతని మీదికి వచ్చాడు. "ఎవురితో మాట్లాడుతున్నావో తెలుస్తందా నీకు? సావింట్లో పరాచికాలా?"

"నా మాట నమ్మబాక. మా అమ్మను అడుగు. ఆమె ఇద్దత్‌లో ఉంది, మొగుడు పోయినాక ఇన్నాళ్ళని గడప దాటి రాకూడదు గాబట్టి రాలేదు. లేకుంటే పొద్దున్నే వచ్చి ఈడ కూసునేది." అనీస్ నంబరు నొక్కాడు. ఫోను మైకు దగ్గర పెట్టాడు.

స్పీకర్లలో రెండుసార్లు మోగింది. "హా బేటా," అని హమీదా గొంతు వినపడింది. రెండు రోజుల కింద మొగుణ్ణి పోగొట్టుకున్న గొంతు. బాగా బొంగురుపోయి ఉంది.

"అమ్మీ, మైకులో ఉన్నావు. అందరూ వింటన్నారు. సోమవారం అత్త ఏం చెప్పిందో చెప్పు. నాగలక్ష్మక్క తానే చంపినా అంటంది."

"అయ్యో అల్లా," అంది హమీదా. "ఆ పిచ్చి బిడ్డ అట్ల అనుకుంటందా? వినండి నాయనా. సోమవారం మా ఆయన్ని తీసుకుపోక ముందర చెంచమ్మ వదినె నాకు ఫోను చేసింది. అన్నను చూడ్డానికి రాలేకపోతి హమీదా అని ఏడిచింది. అప్పుడే బయట నాగలక్ష్మి గొంతు లేచింది. మా పెద్దోళ్ళు గట్టిగా ఏడవకూడదు అన్నారని, ఆ బిడ్డ గడప బయట వీధిలో నిలబడి ఏడిచింది. వదినె ఫోన్లో విన్నది. ఎవరది, నాగలక్ష్మేనా అని అడిగింది. నేను భయపడి పలకలేదు. నాకు ఒట్టు సంగతి తెలుసు గదా. పలకవేంది, దానికి దగ్గరగా పట్టుకో ఆ ఫోను, అని కసిరింది."

నాగలక్ష్మి ఒక్కో అడుగూ వేసుకుంటూ స్పీకరు వైపు వచ్చింది. తాను వస్తున్నట్టు ఆమెకే తెలియదు.

"అంతా విన్నది," అంది హమీదా. "చివరిదాకా విన్నది. విని ఏమన్నదో తెలుసా? ఒకదానికి దేవుడు పలక ఇచ్చినాడు, ఇంకొకదానికి గొంతు ఇచ్చినాడు. నేనే బుద్ధిలేక రెండూ ఒక తక్కెట్లో ఏసి తూచినా హమీదా, అన్నది. ఆ ఒట్టు నేను పెట్టించుకున్నది, నేనే తీసేసినా, నువ్వు సాక్షి, అన్నది. అనీసు ఆ ఏడుపు ఫోన్లో పట్టుకున్నాడంటే, దాచిపెట్టమన్నది. నేను పోయిననాడు నా కోడలు ఒట్టు ఒట్టు అని నోరు కుట్టుకుని కూసుంటది, అది మొండిది, ఎంతకీ లేవకపోతే ఆ మైకులో ఇదే పెట్టించు, అప్పుడు నిజం బయటికొస్తది, అన్నది."

"బతికుండంగ నాకే చెప్పొచ్చు గదా పెద్దమ్మా," అంది నాగలక్ష్మి. ఆ మాట అడగడానికి ఆమెకు మైకు అవసరం లేకపోయింది.

"నేనూ అదే అడిగినా బిడ్డా. ఆ పిల్లకే చెప్పరాదా వదినె అంటి. నవ్వింది. అత్తను గదా హమీదా, అన్నది."

ఫోను ఆగిపోయిన తర్వాత కూడా అందరూ స్పీకర్ల వంకే చూస్తూ ఉన్నారు. కిరణ్ నేల మీద చతికిలబడ్డాడు. తల్లిని చంపావని ఇప్పుడే అన్న నోటిని అరచేత్తో తుడుచుకున్నాడు, అది తుడిస్తే పోయే మాటయినట్టు.

నాగలక్ష్మి ఐసు పెట్టె దగ్గరికి వెళ్ళింది. అద్దం మీద చెయ్యి పెట్టింది. సరిగ్గా తల ఉన్నచోట. ఆ రోజు ఒట్టు వేసింది కూడా ఆ చేత్తోనే.

అత్త మొహం మామూలుగానే ఉంది. ఏదో ఒక తప్పు పట్టడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంది. ఈ మనిషి మంచంలో పడుకుని, ఫోను చెవికి ఆనించుకుని, తన గొంతు చివరిదాకా విన్నది. కసరకుండా విన్నది. నాగలక్ష్మికి రాగం నోటిదాకా వచ్చింది. ఈసారి ఆమె దాన్ని ఆపలేదు. ఆపాలని అనిపించలేదు. ఇది తనది. కుట్టు సెంటరులో నేర్పింది కాదు, శిల్పను చూసి తెచ్చుకున్నది కాదు. పుట్టినప్పుడే దేవుడు గొంతులో పెట్టి పంపినది.

"ఓ అత్తా... నా చెంచమ్మత్తా..."

ఆ ఒక్క పిలుపుకే ఆడవాళ్ళంతా భోరుమన్నారు. పొద్దున్నించి బిగబట్టిన ఏడుపు అది.

"నోటికి తాళమేసి తాళంచెవి కొంగున కట్టుకుంటివి అత్తా... తీసినా తీసినా అని ఊరందరికీ చెప్పి పంపిస్తివి... పక్కనే ఉన్నా గదే, నా చేతికి ఎందుకియ్యకపోతివి అత్తా..."

మాలకొండయ్య పందిరి గుంజ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాటమరాజు కండువాతో మొహం కప్పుకున్నాడు. ఇప్పుడు అది చావిల్లులా ఉంది.

"కాలి గోటికి సరిపోవంటివి... మంచానపడితే ఈ చేత్తోనే గంజి తాగితివి... నీ పెద్దకోడలు దేనికీ పనికిరాదని చెప్పిన ఆ పాడు ఫోను బొమ్మ, ఎవురు తీసి పంపినారు అత్తా... నా ఏడుపును నవ్వులాట చేసినోళ్ళు ఎవురు అత్తా..."

శోకంలో చెప్పిన మాటకు ఆ ఊళ్ళలో వేరే బరువు ఉంది. అందులో అబద్ధం ఉండదని నమ్ముతారు. ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుని చెప్పుకుంటారు.

"కట్టిపెట్టు వదినా ఆ సంగతి, ఇప్పుడెందుకు," అన్నాడు కిరణ్ కింది నుంచి.

"వద్దు. చెప్పనీ."

అన్నది శిల్ప. గడప దగ్గర నిలబడి ఉంది. అడుగు ముందుకు వేయబోయి కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడి తూలింది. సర్దుకోలేదు. అలాగే నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి పెట్టెకు ఇవతలి పక్క కూలబడింది.

"నేనే అక్కా," అంది.

నాగలక్ష్మి రాగం ఆగింది.

"కురిచేడులో చనిపోయింది మా పెద్దమ్మ. నన్ను ఎత్తుకుని పెంచింది. నాకు ఒక్క చుక్క రాలేదు. నువ్వు ఏమీ కానిదానివి, నువ్వు ఏడిస్తే మావాళ్ళంతా నీ చుట్టూ చేరినారు. మా అమ్మ కూడా నీ మెడే పట్టుకుంది. నేను ఒక మూల నిలబడినా." శిల్ప ఒక్కో మాటా పెకలించి తీస్తున్నట్టు చెబుతోంది. "ఫోన్లో తీసింది నేనే. ఆ రాతలు రాసింది నేనే. బడిలో నాకు సిగ్గయిందని ఇంట్లో చెప్పింది కూడా నేనే."

"శిల్పా," అన్నాడు కిరణ్. "ఏం మాట్లాడుతున్నావు?"

ఆమె మొగుడి వంక చూడలేదు. ఎక్కడినుంచి వచ్చాయో, ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ ఏడుపులో రాగం లేదు, మాట లేదు, ఎక్కిళ్ళే ఉన్నాయి.

"ఆ మాట కూడా శోకంలో పెట్టక్కా. నా పేరుతోనే పెట్టు."

వాకిట్లో ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు మరిచిపోయి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఒక్క మాట చాలు. ఆ పేరు ఇప్పుడు ఆ రాగంలో పడితే కంభం నుంచి కురిచేడు దాకా పోతుంది. శిల్ప బతికినంతకాలం ఏ చావింటికి వెళ్ళినా ఆమెకన్నా ముందు ఆ మాట వెళ్ళి కూర్చుంటుంది.

నాగలక్ష్మి తోడికోడలిని చూసింది. నలిగిపోయిన కుచ్చెళ్ళను చూసింది. ఇన్నేళ్ళూ ఈ పిల్లలా ఉండాలని తాను ఏడిస్తే, తనలా ఏడవలేకపోయానని ఈ పిల్ల ఏడ్చింది. పెట్టెలో అత్త ఇద్దరి మధ్యా పడుకుని ఉంది.

చెయ్యి చాచి శిల్ప మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. చావింట్లో ఆడవాళ్ళు పట్టుకున్నట్టే పట్టుకుంది. ఆ పట్టులో కోపం ఎంత ఉందో, జాలి ఎంత ఉందో శిల్పకు కూడా తెలియలేదు.

నాగలక్ష్మి గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

"ఓ అత్తా," అని ఎత్తుకుంది. "నీ చిన్నకోడలు శిల్ప..."